చలిపొద్దున మార్కర్ ఎందుకు నీరసిస్తుంది?

ప్రశ్న: మేము కొందరు మిత్రులం ఆదివారాల్లో శామీర్‌పేట వైపు పెయింట్‌బాల్ ఆడుతుంటాము. మా మార్కర్లు (రంగు బంతులు కాల్చే తుపాకులు) 20 ఔన్సుల కార్బన్ డయాక్సైడ్ ట్యాంకులతో నడిచేవి. చలికాలం మొదలైనప్పటి నుంచి పొద్దుటి ఆటలో మొదటి బంతులు బాగానే వెళ్లి, ఆ తరువాతివి దగ్గరలోనే నేలరాలుతున్నాయి. ఒక్కొక్కసారి బ్యారెల్ నుంచి తెల్లటి పొగ వస్తోంది. ట్రిగ్గర్ వదిలిన తరువాత కూడా మార్కర్ దానంతట అదే పేలిన సందర్భం ఒకటి ఉంది. గ్యాస్ తక్కువ నింపారా, మార్కర్ చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, అల్వాల్

జవాబు: గ్యాస్ నింపినవారిని అనుమానించే ముందు, ఆట మధ్యలో ఒకసారి ట్యాంక్‌ను చేత్తో తాకి చూడండి. అది చల్లబడి, పైన చెమట పట్టినట్టు నీటి బిందువులు కనిపిస్తే మీ ప్రశ్నలో చాలా భాగానికి జవాబు అక్కడే దొరుకుతుంది. ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ చాలావరకు ద్రవరూపంలో ఉంటుంది. దాని పైన ఉన్న కొద్దిపాటి ఖాళీలో ఆవిరి ఉంటుంది. మార్కర్ వాడుకోవలసింది ఆ ఆవిరిని మాత్రమే. లోపల కాస్తయినా ద్రవం మిగిలి ఉన్నంతవరకు ఆవిరి పీడనం ట్యాంక్ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుందే తప్ప, ఎంత గ్యాస్ మిగిలిందన్న దానిని బట్టి ఉండదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద అది సుమారు 830 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). 10 డిగ్రీల వద్ద 650. సున్నా వద్ద 500కు కాస్త ఎక్కువ. చలి ముదిరిన రాత్రుల్లో పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వంటి శివార్లలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు దిగడం మనకు తెలిసిందే కనుక, రాత్రంతా కారు డిక్కీలో పడి ఉన్న ట్యాంక్ నిండుగానే ఉన్నా, పొద్దున నీరసంగానే పనిచేస్తుంది.

అయితే మన ఊరి చలిని ఒక్కదాన్నే నిందిస్తే ఆదిలాబాద్ పాఠకులు నవ్వుతారు. అసలు చలి మీరు కాల్చడంలోనే పుడుతోంది. బయటికి పోయిన ఆవిరి స్థానంలో కొత్త ఆవిరి పుట్టాలంటే ద్రవం మరగాలి, దానికి వేడి కావాలి, ఆ వేడిని ద్రవం ముందుగా తననుంచీ ట్యాంక్ గోడల నుంచీ లాక్కుంటుంది. ఒక్కో బంతికి సుమారు అర గ్రాము గ్యాస్ ఖర్చవుతుందనుకుంటే, సెకనుకు ఎనిమిది బంతుల చొప్పున కాల్చేటప్పుడు ట్యాంక్ నుంచి పోయే వేడి, బకెట్ నీళ్లు కాచే హీటర్ రాడ్ ఇచ్చే వేడికి కొంచెమే తక్కువ. చుట్టూ ఉన్న గాలి అంత వేగంగా ఆ లోటును పూడ్చలేదు. దీనికి తోడు, ఒక గ్రాము ద్రవం ఆవిరి కావడానికి 20 డిగ్రీల వద్ద సుమారు 150 జౌళ్ల వేడి సరిపోతే, సున్నా వద్ద 230 జౌళ్లు కావాలి. అంటే చల్లబడిన కొద్దీ అవసరం పెరుగుతుంది, అందే వేడి తగ్గుతుంది. అందుకే ట్రిగ్గర్ ఆపకుండా నొక్కేవారి మార్కరే ముందుగా డీలాపడుతుంది.

తెల్లటి పొగ వేరే సంగతి చెబుతోంది. ఆవిరికి బదులు ద్రవమే మార్కర్‌లోకి చేరినప్పుడు అది లోపల ఒక్కసారిగా వ్యాకోచించి మంచుపొడిలా బయటికి వస్తుంది. అప్పుడు ఒక బంతి అతివేగంగా, తరువాతిది నత్తనడకన వెళ్లవచ్చు. గ్యాస్ కారకుండా ఆపే ఓ-రింగులు (రబ్బరు వలయాలు) గడ్డకట్టి బిరుసెక్కి గ్యాస్ కారవచ్చు. సోలెనాయిడ్ (విద్యుత్తుతో తెరుచుకునే వాల్వ్) ఉన్న ఎలక్ట్రానిక్ మార్కర్ అయితే పాడయ్యే ప్రమాదమూ ఉంది. నిండు ట్యాంక్‌ను అడ్డంగా బిగించి, బ్యారెల్‌ను నేలవైపు వంచి నడిచేవారికి ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే ఆ భంగిమలో ద్రవం నేరుగా వాల్వ్ మీదికి వస్తుంది. ట్యాంక్ లోపల పైకి వంగి ఉండే యాంటీ సైఫన్ గొట్టం దీన్ని చాలావరకు ఆపుతుంది. కానీ ఆ వంపు ఏ మార్కర్‌కు బిగించినప్పుడు పైకి తిరిగేలా అమర్చారో దానికి మాత్రమే పనికొస్తుంది. ట్యాంకులను ఒకరివొకరు మార్చుకుంటే అది పక్కకో కిందికో తిరిగి, లేనిదానితో సమానమవుతుంది.

మీ మూడో సమస్యను తేలికగా తీసుకోకండి. అద్దెకిచ్చే మార్కర్లలో ఎక్కువగా కనిపించే టిప్‌మన్ 98 వంటి బ్లోబ్యాక్ రకాల్లో, గ్యాస్ పీడనమే బోల్టును వెనక్కి నెట్టి సియర్ అనే కొక్కేనికి తగిలిస్తుంది. పీడనం చాలనప్పుడు బోల్టు కొక్కెం దాకా వెళ్లదు, స్ప్రింగ్ దాన్ని మళ్లీ ముందుకు తోస్తుంది, మీ వేలి ప్రమేయం లేకుండానే మార్కర్ పేలుతూపోతుంది. అలా జరిగితే మాస్క్ తీయకుండా బ్యారెల్‌ను మనుషులు లేని దిక్కుకు తిప్పి, బంతుల హాపర్ తొలగించి, ట్యాంక్ విప్పాలి. ట్యాంక్ వెచ్చబడిన తరువాత కూడా అదే జరిగితే అప్పుడు సియర్ అరిగిందేమో చూపించండి.

చేయవలసినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ట్యాంకులను రాత్రి ఇంట్లో ఉంచి, మైదానానికి వెళ్లాక ఆట మొదలయ్యేదాకా బట్టలో చుట్టి పెట్టుకోండి. రెండు ట్యాంకులుంటే ఆటకొకటి మార్చండి. దించినది ఎండపొడలో నెమ్మదిగా తేరుకుంటుంది. ట్యాంక్‌ను దూరం నుంచి మార్కర్‌కు కలిపే రిమోట్ గొట్టం కొనగలిగితే అది అన్నింటికంటే మేలని నా అభిప్రాయం: ట్యాంక్ నడుముకు కట్టిన సంచిలో వాల్వ్ పైకి ఉండేలా నిలబడుతుంది, ద్రవం అడుగునే ఉంటుంది, పొరపాటున కొంత వచ్చినా పొడవాటి గొట్టంలో ఆవిరయ్యే వ్యవధి దొరుకుతుంది. ట్యాంక్‌ను మాత్రం వేడినీళ్లలో ముంచడం, హెయిర్ డ్రైయర్ పట్టడం, మంట దగ్గర పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

ఇంకొక మాట. పొద్దున 13 డిగ్రీల చలిలో బంతి వేగం తక్కువగా ఉందని వెలాసిటీ స్క్రూ తిప్పి వేగం పెంచినవారు మధ్యాహ్నం ఆ సంగతి మరచిపోతారు. డిసెంబరులో కూడా మన దగ్గర మధ్యాహ్నం 28, 29 డిగ్రీలు మామూలే. పొద్దున సుమారు 700 ఉన్న పీడనం అప్పటికి 1000 పీఎస్‌ఐ వరకు చేరుతుంది. సాధారణంగా మైదానాల్లో సెకనుకు 300 అడుగుల వేగాన్ని దాటనివ్వరు; పీడనాన్ని అదుపులో ఉంచే రెగ్యులేటర్ లేని మార్కర్ ఆ హద్దును మీకు తెలియకుండానే దాటవచ్చు. కనుక ప్రతి విరామంలో బంతి వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ముందు మళ్లీ పరీక్షించడం చలికాలంలోనే ఎక్కువ అవసరం.

సంపీడన గాలి ట్యాంకులకు ఈ బాధ దాదాపు లేదు. అందులో ద్రవం ఉండదు కనుక, 29 నుంచి 13 డిగ్రీలకు చల్లబడినా పీడనం సుమారు ఐదు శాతమే తగ్గుతుంది, ఆ తేడాను కూడా ట్యాంక్ మీది రెగ్యులేటర్ సర్దేస్తుంది. మైదానం వారి దగ్గర 3000 లేదా 4500 పీఎస్‌ఐ వరకు నింపే కంప్రెసర్ ఉంటేనే ఆ ట్యాంకులకు మారే ఖర్చుకు అర్థం ఉంటుంది.

ప్రశ్న: చలి రోజుల్లో బంతులు బ్యారెల్‌లోనే పగిలిపోతున్నాయి. గ్యాస్ ఒత్తిడి ఎక్కువైందా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఒత్తిడి కంటే ముందు బంతిని అనుమానించాలి. దాని పైపొర జెలటిన్. చలికి అది పెళుసెక్కి, బోల్టు తగలగానే చిట్లుతుంది. బంతులను ఫ్రిజ్‌లోనూ రాత్రి బయటా ఉంచకుండా గది వేడిలో, మూత బిగించిన డబ్బాలో ఉంచండి. ఒకటి పగిలితే, మార్కర్ నుంచి గ్యాస్ పూర్తిగా వదిలి, బ్యారెల్‌ను స్క్వీజీతో (లోపల తుడిచే పుల్లతో) తుడిచిన తరువాతే మళ్లీ కాల్చండి. లేకపోతే ఆ జిగురుకు తరువాతి బంతులూ పగులుతాయి.

ప్రశ్న: సోడా తయారీకి వాడే పెద్ద సిలిండర్ నుంచి మా ట్యాంకులను మేమే నింపుకోవచ్చా? చలిలో ఎక్కువ పడుతుందని ఒక మిత్రుడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజం, ప్రమాదమూ అందులోనే ఉంది. చల్లని ట్యాంకులోకి ద్రవం సులువుగా పారుతుంది, చల్లగా ఉన్నప్పుడు తక్కువ చోటు తీసుకుంటుంది కనుక హద్దు దాటి నింపినా ఆ క్షణాన తెలియదు. మధ్యాహ్నం ట్యాంక్ వెచ్చబడేసరికి లోపల ఆవిరికి చోటు మిగలదు, అక్కడి నుంచి పీడనం ఒక్కో డిగ్రీకీ విపరీతంగా పెరుగుతుంది. వాల్వ్‌లోని బర్స్ట్ డిస్క్ (పీడనం హద్దు దాటితే తెగేలా పెట్టిన పలుచని రేకు) తెగి గ్యాస్ అంతా పెద్ద చప్పుడుతో బయటపడుతుంది. అద్దాలు మూసిన కారులో అలా జరిగితే ఊపిరాడదు. అందుకే దీన్ని తూకంతోనే నింపుతారు: 20 ఔన్సుల ట్యాంకులో పట్టవలసింది 567 గ్రాములే, ఖాళీ ట్యాంక్ బరువు ముందే చూసుకోవాలి. పైగా 500 మిల్లీలీటర్లు దాటిన సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నిబంధనలు, 2016 పరిధిలోకి వస్తాయి, మీ ట్యాంక్ ఆ పరిమాణం దాటినదే. లైసెన్సు ఉన్నవారి దగ్గర, మీ కళ్లముందు కాటా మీద పెట్టించి నింపించుకోండి.