బుధవారం వచ్చే కుక్క: పాఠకుల ప్రశ్నలకు డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అత్తగారికి 78 ఏళ్లు. నిరుడు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి స్వాధీనం తప్పడంతో, ఇక్కడ న్యూజెర్సీలో ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్చవలసి వచ్చింది. అక్కడికి ప్రతి బుధవారం ఒకావిడ తన కుక్కను వెంటబెట్టుకుని వస్తారు. మా అత్తగారు మడి, ఆచారం గల మనిషి. ఊళ్లో ఉన్నన్నాళ్లూ కుక్కను గడప తొక్కనిచ్చేవారు కాదు. అటువంటి ఆవిడ ఇప్పుడు బుధవారం ఎప్పుడు వస్తుందా అని అడుగుతున్నారట. మా వారికి మాత్రం ఇది నచ్చలేదు. వైద్యం చేయలేక కాలక్షేపం చేయిస్తున్నారని ఆయన అనుమానం. దీనివల్ల నిజంగా ప్రయోజనం ఉందా? ఈ వయసులో అంటువ్యాధుల భయం లేదా? — ఒక కోడలు, న్యూజెర్సీ

జవాబు: ముందుగా ఇక్కడి పాఠకుల కోసం ఒక మాట. అమెరికాలో నర్సింగ్ హోమ్ అంటే మన ఊళ్లలోలాగా చిన్న ఆస్పత్రి కాదు. ఇంట్లో చూసుకోవడం సాధ్యం కాని పెద్దవారు నెలలు, సంవత్సరాలు ఉండే చోటు. అక్కడ ఉండేవారిని రోగం కంటే ఎక్కువగా బాధపెట్టేది ఒంటరితనం. కుక్క రాకను ఆ దృష్టితో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. పక్షవాతానికి అది మందు కాదన్నంత వరకు మీ వారి మాట నిజమే.

అయితే అది ఉత్త కాలక్షేపం కూడా కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ ఆస్పత్రిలో గుండె వైఫల్యంతో చేరిన 76 మందిపై చేసిన ఒక పరిశోధన 2007లో ప్రచురితమయింది. వారిలో కొందరి దగ్గరికి కుక్కతో వచ్చిన స్వచ్ఛంద సేవకులను 12 నిమిషాలపాటు పంపారు, కొందరి దగ్గరికి కుక్క లేకుండా సేవకులను మాత్రమే పంపారు, మిగిలినవారి దగ్గరికి ఎవరినీ పంపలేదు. కుక్క వచ్చినవారిలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లోని ఒత్తిడి, మనసులోని ఆందోళన, అలాగే కంగారు సమయంలో పెరిగే ఎపినెఫ్రిన్ అనే హార్మోను మిగతావారికంటే తగ్గాయి. మనిషి వచ్చి పలకరిస్తే చాలదా అన్న ప్రశ్నకు ఆ రెండో గుంపు సమాధానం. అయితే కొలతలు తీసుకున్నది ఆ కొద్ది నిమిషాల్లోనే కాబట్టి, వారం తరువాత కూడా ఆ ఫలితం నిలుస్తుందని దాన్నిబట్టి చెప్పలేము. మతిమరుపు వ్యాధి గలవారి విషయంలో వైద్య పరిశోధనలను జల్లెడపట్టి చూసే కోక్రేన్ అనే సంస్థ 2019 నాటి సమీక్ష తొమ్మిది పరిశోధనలను, వాటిలో పాల్గొన్న 305 మందిని పరిశీలించి, దిగులు కొంచెం తగ్గవచ్చునని, ఆ ఆధారం కూడా బలమైనది కాదని తేల్చింది. ఇది విని కుక్క వస్తే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని చెప్పేవారిని నమ్మడం మానేస్తే చాలు.

నాకు వీటన్నిటికంటే ఆసక్తికరంగా తోచినది 2005లో వచ్చిన మరొక చిన్న పరిశోధన. నర్సింగ్ హోమ్‌లో కొందరికి కుక్కతో ఒంటరిగా గడిపే అవకాశం ఇచ్చి, మరికొందరిని నలుగురితో కలిపి కూర్చోబెట్టి కుక్కను తెచ్చారు. కుక్క వస్తే దాని వంకన నలుగురూ మాట్లాడుకుంటారని, మేలు చేసేది ఆ మాటలేనని చాలామంది అనుకుంటారు. కాని ఒంటరితనం ఎక్కువగా తగ్గింది కుక్కతో విడిగా గడిపినవారిలో.

కారణం నాకు ఇలా తోస్తుంది. సంరక్షణ కేంద్రంలో ఉన్న మనిషిని రోజంతా ఎవరో ఒకరు ముట్టుకుంటూనే ఉంటారు: బీపీ చూడడానికి, స్నానం చేయించడానికి, పక్క మార్చడానికి. అవన్నీ పనులే. కుక్కకు ఆ మనిషితో చేయవలసిన పనేమీ లేదు. దానికి కావలసింది తల నిమిరే చెయ్యి. ఎప్పుడూ ఒకరు చేస్తే చేయించుకునే మనిషి ఆ పావుగంట మాత్రం ఇంకొకరికి చేసే మనిషి అవుతుంది.

ఇంగ్లండులో నేను పనిచేసిన రోజుల్లో, మీ అత్తగారిలాగే పక్షవాతంతో గుప్పిట బిగుసుకుపోయిన ఒక వృద్ధురాలు ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతిని విసుగ్గా పక్కకు నెట్టేసేది. ఒకనాడు కుక్క యజమాని ఆమె వేళ్ల మధ్య బొచ్చు దువ్వే బ్రష్షు పెట్టి, పై నుంచి తన చెయ్యి ఆనించి నడిపించింది. చెవి వెనక నుంచి నడుము దాకా నాలుగైదుసార్లు దువ్వాక, ముసలావిడ ఎడమచేత్తో యజమాని చేతిని తొలగించి, ఇటువైపు ఇంకా చిక్కులున్నాయని కోప్పడింది. వ్యాయామం అదే, చెయ్యి అదే. ఒక్కరి ఉదాహరణను రుజువుగా చూపడం లేదు. మీ అత్తగారి ఫిజియోథెరపిస్టును మాత్రం ఈ సంగతి అడిగి చూడండి.

మడి గురించి మీరు ఆశ్చర్యపోనక్కరలేదు. గడప తొక్కనివ్వని ఆ చెయ్యే వీధి అరుగు దగ్గర అన్నం ముద్ద పెట్టి ఉంటుంది. ఆవిడ ఇష్టం ఆవిడది. అయితే ఆ ఇష్టాన్ని ప్రతిసారీ అడిగి తెలుసుకోవలసిందే. ఈ బుధవారం వద్దంటే కుక్క గుమ్మం దగ్గరి నుంచే వెళ్లిపోవాలి.

ఇక అంటువ్యాధుల విషయం. అమెరికాలో ఆస్పత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన సూచనల ప్రకారం కుక్కలను మాత్రమే తేవాలి, పిల్లులను తేరాదు. కుక్కకు కనీసం ఏడాది వయసుండాలి. పచ్చి మాంసం పెట్టే కుక్క పనికిరాదు. రావడానికి ముందు 24 గంటల లోపు దానికి స్నానం చేయించాలి. గంటకు మించి ఉంచరాదు. ముట్టుకునే ముందు, తరువాత చేతులు శుభ్రం చేసుకోవాలి. ముఖం నాకనివ్వకూడదు, మంచం మీదికి ఎక్కిస్తే కింద విడిగా దుప్పటి పరవాలి. మానని పుండ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు, కుక్క బొచ్చు పడకపోవడం వంటివి ఉంటే నర్సుకు ముందే చెప్పండి. టీకాల పత్రం చూపమని అడగడం మీ హక్కు. మీరున్న రాష్ట్రంలోనే 1976లో ఎలెయిన్ స్మిత్ అనే నర్సు ఇటువంటి కుక్కలను పరీక్షించి నమోదు చేసే సంస్థను స్థాపించారు కాబట్టి, అక్కడివారికి ఈ ప్రశ్నలు కొత్తవి కావు.

ప్రశ్న: రాజమహేంద్రవరం దగ్గర మేము వృద్ధాశ్రమం నడుపుతున్నాము. ఆవరణలో నాలుగు వీధికుక్కలు ఉన్నాయి, ఎవరినీ ఏమీ అనవు. వాటినే గదుల్లోకి రానివ్వవచ్చునా? — ఒక నిర్వాహకుడు

జవాబు: వద్దు. ఎవరినీ ఏమీ అనకపోవడం వేరు, స్టీలు కంచం చెవి పక్కనే పడినా, వణికే చెయ్యి తోక పట్టి లాగినా కదలకుండా ఉండడం వేరు. థెరపీ కుక్కకు జాతి ముఖ్యం కాదు, ఈ స్వభావం ముఖ్యం. దాన్ని తెలిసినవారు పరీక్షించి నిర్ణయించాలి. పక్కన దాన్ని ఎరిగిన మనిషి ఎప్పుడూ ఉండాలి. పైగా కాళ్లకు అడ్డం తిరిగే కుక్క వల్ల పెద్దవారు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. ముందు ఆ నాలుగింటికీ పశువైద్యుని చేత రేబిస్ టీకా వేయించండి. ఎవరికైనా పంటిగాటు పడితే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లండి.

వసారాలో కూర్చుని వాటికి అన్నం పెట్టాలని ఉన్నవారిని పెట్టనివ్వండి. స్థలముంటే ఒక ఆవును, దూడను పెంచండి. గోదావరి జిల్లాల పెద్దవారికి గడ్డి వేయడం ఒకరు నేర్పనక్కరలేదు. రామచిలుకను మాత్రం పంజరంలో పెట్టకండి, వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

ప్రశ్న: లండన్ కేర్ హోమ్‌లో మా అమ్మ దగ్గరికి మూడేళ్లుగా వచ్చే కుక్క రావడం మానేసింది. ముసలిదై చనిపోయిందట. అమ్మకు చెప్పాలా? — ఒక కుమార్తె

జవాబు: మీ అమ్మగారు అడిగితే చెప్పండి. ఊరెళ్లిందని అబద్ధం చెబితే ఆవిడ ప్రతి వారం దాని కోసం ఎదురు చూస్తారు. యజమానిని ఒకసారి కుక్క లేకుండానే వచ్చి కూర్చోమనండి, ఒక ఫొటో ఇమ్మనండి. మరో కుక్క వస్తే దాని పేరు దానికే ఉండనివ్వండి. పాత పేరుతో పిలిపించకండి.