సైకిల్ సందేహాలు: చిన్న చక్రం, లావు టైరు

ప్రశ్న: నా రోడ్డు సైకిలుకు 700సి చక్రాలు, 28 మి.మీ. టైర్లు ఉన్నాయి. గతుకుల దారిలో గంటసేపు తొక్కితే మణికట్లు లాగేస్తున్నాయి. 650బి చక్రాలు వేసి 47 మి.మీ. టైర్లు ఎక్కించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. చక్రం చిన్నదైతే వేగం పోతుందని మరొకరు భయపెడుతున్నారు. బ్రేకులు రిమ్మును పట్టేవే. ఇద్దరిలో ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు టేపు తీసుకోండి.

వేగం సంగతి రెండు కూడికల్లో తేలిపోతుంది. 700సి రిమ్ములో టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 622 మి.మీ. దానిపై 28 మి.మీ. టైరు వేస్తే పైన 28, కింద 28 కలిసి మొత్తం 678 అవుతుంది. 650బి రిమ్ముకు ఆ వ్యాసం 584. 47 మి.మీ. టైరు వేస్తే 584కు 94 కలపాలి. అదీ 678 మిల్లీమీటర్లే! నేలను తాకే చక్రం మారలేదు. తగ్గింది లోపలి లోహం, పెరిగింది గాలి. గేర్లు మునుపటిలాగే ఉంటాయి, పెడలు ఎత్తు మారదు. చిన్న చక్రమంటే భయపడేవారు రిమ్మును చూస్తున్నారు, టైరును లెక్కలోకి తీసుకోవడం లేదు. బాగా వేగంగా పోయేటప్పుడు లావు టైరుకు ఎదురుగాలి కొంచెం ఎక్కువ తగులుతుంది, నిజమే. మీరు పందేలకు వెళ్తున్నట్టు రాయలేదు కనుక దాన్ని వదిలేస్తున్నాను.

అసలు చిక్కు బ్రేకు దగ్గర ఉంది. రిమ్ముల వ్యాసంలో తేడా 38 మి.మీ., అంటే ఒక్కో వైపు 19. మీ బ్రేకు రబ్బర్లు ఇప్పుడున్న చోటి నుంచి 19 మి.మీ. ఇరుసు వైపు దిగితేనే కొత్త రిమ్మును పట్టుకోగలవు. బ్రేకును ఫ్రేముకు బిగించిన బోల్టు మధ్య నుంచి రబ్బరు మధ్య వరకు కొలవండి. రేసు సైకిళ్ళ బ్రేకు చేతులు సాధారణంగా 39 నుంచి 49 మి.మీ. వరకు అందుతాయి. మీది 45 ఉందనుకుంటే ఇక 64 కావాలి. 55 నుంచి 73 వరకు అందే పొడవాటి బ్రేకులు దొరుకుతాయి కాబట్టి దారి ఉంది. కానీ ఇప్పుడే 57 ఉంటే 76 కావాలి, వాటికీ అందదు. పైగా చేయి పొడవయ్యే కొద్దీ బ్రేకు ఒత్తినప్పుడు అది వంగుతుంది, పట్టు మెత్తబడుతుంది. దిగుడు దారుల్లో తిరిగేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు రెండు వైపులా అతికించిన దిమ్మెల మీద నిలిచే వి-బ్రేకుల్లాంటివైతే కథ అక్కడితో ముగిసినట్టే. రబ్బరు కొద్ది మిల్లీమీటర్లు జరుగుతుంది, పంతొమ్మిది జరగదు.

బ్రేకు గండం గట్టెక్కినా ఫ్రేము ఒప్పుకోవాలి. 47 టైరు అతి లావుగా ఉండే చోటు ఇరుసు మధ్య నుంచి దాదాపు 315 మి.మీ. దూరంలో పడుతుంది. వెనుక చక్రానికి అటూ ఇటూ ఉండే కింది గొట్టాల మధ్య సరిగ్గా ఆ దూరంలో ఎంత ఖాళీ ఉందో కొలవండి. టైరుకు 47, ఇరుపక్కలా కనీసం ఐదేసి, మొత్తం 57 లేకపోతే ఆశ వదులుకోండి. బురద అంటినప్పుడు, చక్రానికి కాస్త బెండు వచ్చినప్పుడు టైరు ఫ్రేమును ఒరుసుకుంటుంది. ఫోర్కులోనూ ఇదే కొలత. 28 మి.మీ. టైర్ల కోసం తయారైన సన్నటి రోడ్డు ఫ్రేములో 57 దొరకడం అరుదు.

పాత హబ్బులే (చక్రం నడుమ ఇరుసు చుట్టూ తిరిగే భాగాలు) ఉంచి రిమ్ములు మాత్రమే మారుస్తాననుకుంటే స్పోకులు కూడా కొత్తవి కొనాలి. పాతవి దాదాపు 19 మి.మీ. పొడవెక్కువ అవుతాయి. సన్నటి రిమ్ము మాత్రం కొనకండి. లోపలి వెడల్పు 19 మి.మీ. కన్నా తక్కువైతే 47 టైరు మలుపుల్లో పక్కకు ఒరుగుతుంది.

నన్నడిగితే, మీ సైకిలుకు ఈ మార్పు వద్దు. ఆ 700సి చక్రాల మీదే ఫ్రేములో, బ్రేకు కింద పట్టినంత లావు టైరు వేయండి. 30 పట్టవచ్చు, 32 కూడా పట్టవచ్చు. గాలి తగ్గించండి. మణికట్ల నొప్పిలో ఎంత భాగం టైరుది, ఎంత భాగం మరీ ముందుకు వంగి కూర్చోవడానిది అన్నది అప్పుడు తెలుస్తుంది. చక్రాలకు పెట్టే డబ్బు కన్నా హ్యాండిలు కాస్త ఎత్తడానికి అయ్యేది చాలా తక్కువ.

ప్రశ్న: నాది డిస్కు బ్రేకుల సైకిలు. ఇంతకు ముందు 700సి మీద 40 మి.మీ. టైర్లు ఉండేవి. 650బి, 47కు మారాను. మలుపుల్లో పెడలు నేలకు తగులుతోంది. హ్యాండిలు కూడా ఏదో తేలికైనట్టుంది. నా భ్రమా?

జవాబు: భ్రమ కాదు. డిస్కు హబ్బు దగ్గర ఉంటుంది కాబట్టి బ్రేకు బాధ మీకు లేదు, ఆ సుఖమే మిమ్మల్ని లెక్క వేయనివ్వలేదు. 622 మీద 40 టైరు అంటే 702 మి.మీ. ఇప్పుడున్నది 678. సైకిలు మొత్తం 12 మి.మీ. కిందికి దిగింది, పెడలూ దిగింది. ముందు చక్రం చిన్నదైనప్పుడు హ్యాండిలును తిన్నగా నిలిపే గుణం కూడా కొంత తగ్గుతుంది. ఫోర్కు వాలు 72 డిగ్రీలనుకుంటే, హ్యాండిలు తిరిగే గీత నేలను తాకే చోటుకూ టైరు ఆనే చోటుకూ మధ్య దూరం 4 మి.మీ. దాకా తగ్గుతుంది. మీ చేతులు దాన్నే పసిగట్టాయి.

మలుపు తిరిగేటప్పుడు లోపలి వైపు పెడలు పైకి ఉంచడం అలవాటు చేసుకోండి. అయినా తగులుతుంటే, ఫ్రేములో చోటుంటే మరింత లావు టైరు వేయండి. కాస్త పొట్టి క్రాంకులు (పెడళ్ళు బిగించే కడ్డీలు) కూడా పనికొస్తాయి. మరో సంగతి: దూరం చూపే మీటరులో చక్రం చుట్టుకొలతను 2130 మి.మీ.కు మార్చండి. మార్చకపోతే మీరు దాదాపు 96.6 కిలోమీటర్లు తొక్కితే అది వంద చూపిస్తుంది. ఆ ఘనత కావాలనుకుంటే అలాగే ఉంచుకోవచ్చు.

ప్రశ్న: 28 మి.మీ. టైర్లున్న పాత సైకిలు నుంచి మారి 47 మి.మీ. లావు టైర్లు వేయించాను. మెత్తగా పోతుందన్నారు, కానీ పాత సైకిలు కన్నా ఎక్కువ కుదుపుతోంది. గాలి మునుపటిలాగే 80 పిఎస్ఐ కొట్టిస్తున్నాను. ఎక్కడ తప్పు?

జవాబు: ప్రశ్నలోనే జవాబు రాసి పంపారమ్మా. ఆ 80లోనే ఉంది తప్పు. టైరు గుడ్డ మీద పడే బిగువు గాలి ఒత్తిడితో పాటు టైరు లావును బట్టి కూడా పెరుగుతుంది. 28 టైరులో 80 ఎంత బిగువు తెస్తుందో, 47 టైరులో 48 పిఎస్ఐ అంతే తెస్తుంది. మీరు 80 కొట్టించి లావు టైరును రాయిలా చేశారు. కుదుపు ఒక్కటే కాదు, అది ప్రమాదం కూడా. లావు టైరు రిమ్ము గోడలను ఎక్కువ బలంతో బయటికి నెడుతుంది. టైరు పక్కన అచ్చు వేసిన గరిష్ఠ అంకెను, రిమ్ము తయారీదారు ఇచ్చిన అంకెను రెండూ చూసి, తక్కువగా ఉన్నదాన్ని ఎప్పుడూ దాటకండి.

ఈ రోజే 45కు దించండి. మీరు బక్కపలచగా ఉంటే 40 కూడా ఎక్కువే కావచ్చు. అక్కడి నుంచి రెండేసి పిఎస్ఐ తగ్గిస్తూ, తెలిసిన దారిలోనే తిరిగి చూడండి. గుంతలో రిమ్ము ఠక్కున నేలను కొట్టినా, మలుపులో టైరు జారుతున్నట్టు అనిపించినా మూడు నాలుగు పెంచి అక్కడ ఆపేయండి. ముందు చక్రం మీద బరువు తక్కువ పడుతుంది కాబట్టి దానికి వెనుక దాని కన్నా కొంచెం తక్కువ చాలు. బొటనవేలితో నొక్కి చూసే పద్ధతిని నేను నమ్మను. సన్న టైరుకు అలవాటుపడిన వేలు లావు టైరు దగ్గర ఎప్పుడూ గాలి చాలదనే చెబుతుంది. గేజి ఉన్న పంపు కొనుక్కోండి.

గాలి తగ్గితే బరువుగా సాగుతుందన్న అనుమానం పెట్టుకోకండి. నున్నటి దారిలో తేడా స్వల్పం. గరుకు దారిలో గట్టి టైరు ప్రతి రాయికీ మిమ్మల్ని, సైకిలును కలిపి పైకి ఎత్తిపడేస్తుంది. అందుకు ఖర్చయ్యేది మీ కాళ్ళ బలమే. మెత్తటి టైరు ఆ రాయిని తనలోనే దిగమింగుతుంది.

ప్రశ్న: ఇంట్లో పాత 26 అంగుళాల సైకిలు ఉంది. దానికి లావుగా ఉన్న 26 అంగుళాల టైరు కొన్నాను. ఎంత లాగినా రిమ్ము మీద బిగియడం లేదు, వదులుగా ఊడిపోతోంది. సరుకు నాసిరకమా?

జవాబు: సరుకును అనకండి. 26 అంగుళాలని పిలిచే రిమ్ములు ఒకటి కాదు, కనీసం అయిదు: 559, 571, 584, 590, 597. ఆ 26 టైరు వెలుపలి వ్యాసానికి పెట్టిన పేరు. వెలుపలి కొలత ఒకటే ఉంచి టైరు లావు పెంచాలంటే రిమ్ము చిన్నది చేయాలి, అందుకే ఇన్ని రకాలు పుట్టాయి. పై ఉత్తరాల్లోని 650బి కూడా ఈ కుటుంబానిదే. 20వ శతాబ్దంలో ఫ్రాన్సులో దూరప్రయాణాల సైకిళ్ళకు మామూలుగా వాడిన కొలత అది. ఇప్పుడు కొత్తగా వచ్చిందని చెప్పేవారికి ఈ మాట చెప్పండి.

టైరు వదులుగా ఉందంటే అది మీ రిమ్ము కన్నా పెద్ద రిమ్ముకు చేసినదన్నమాట. దాన్ని బలవంతంగా వాడకండి, గాలి కొట్టగానే ఊడుతుంది. పాత టైరు పక్కన 37-590 లాంటి జంట అంకె ఉంటుంది. మొదటిది లావు, రెండోది రిమ్ము వ్యాసం. లావు మీ ఇష్టం, ఫ్రేములో చోటును బట్టి. రెండో అంకె మాత్రం కొత్త టైరు మీద అక్షరాలా అదే ఉండాలి. పాత టైరు మీద అచ్చు అరిగిపోయి ఉంటే టైరు తీసి రిమ్ము లోపల చూడండి, చాలా రిమ్ముల మీద అక్కడ ముద్రించి ఉంటుంది.