ఎంఐటీ-బీఐహెచ్ మీద 99 శాతం, సొంత బోర్డు మీద సగం తప్పు: లోపం ఎక్కడ వెతకాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. బెంగళూరులో ఎం.టెక్. ప్రాజెక్టు. ఎంఐటీ-బీఐహెచ్ అరిథ్మియా (గుండె లయ లోపం) ఈసీజీ డేటాబేస్‌లోని బీట్లను రాండమ్‌గా 80:20 విడగొట్టి సీఎన్ఎన్ (ఒక రకం న్యూరల్ నెట్‌వర్క్) ట్రెయిన్ చేస్తే 99% వచ్చింది. ఎస్పీ రోడ్డులో కొన్న ఏడీ8232 ఈసీజీ బోర్డును ఆర్డుయినో ఊనో మైక్రోకంట్రోలర్‌కి కలిపి 15 మంది ఆరోగ్యంగా ఉన్న క్లాస్‌మేట్ల ఈసీజీ తీశారు. అదే మోడల్‌కి ఇస్తే సగం బీట్లను అరిథ్మియా అంటోంది. లూప్‌లో డిలే(4) ఉంది కాబట్టి శాంప్లింగ్ 250 హెర్ట్జ్ (సెకనుకు 250 కొలతలు) అనుకుంటున్నారు. లేయర్లు పెంచాలా, జీపీయూ అద్దెకు తీసుకోవాలా అని అడిగారు.

రెండూ వద్దు. మోడల్‌ను ఇప్పుడు ముట్టుకోకండి. మీ దగ్గర రెండు అంకెలు నమ్మదగినవి కావు. ఒకటి 250, రెండోది 99. ఈ రెండూ సరిచేశాకే మోడల్ మంచిదో కాదో తెలుస్తుంది.

ముందు 250 సంగతి. ఈ బోర్డుకి నెట్‌లో దొరికే స్కెచ్‌లలో (ఆర్డుయినో ప్రోగ్రాములు) చాలావాటిలో సీరియల్ వేగం 9600 బాడ్ ఉంటుంది. సెకనుకు 9600 బిట్లు, ఒక్కో అక్షరానికి స్టార్ట్, స్టాప్ బిట్లతో కలిపి 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. ప్రింట్‌లైన్ "512" అనే విలువను పంపితే మూడు అంకెలు, లైను చివరి రెండు గుర్తులు కలిపి 5 అక్షరాలు. 960ని 5తో భాగిస్తే 192. మీ డిలే ఎంత ఉన్నా సెకనుకు 192 శాంపిళ్లకు మించి బయటికి రావు. 64 బైట్ల బఫర్ నిండగానే ప్రింట్ దగ్గరే లూప్ ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ప్లాటర్‌లో ఈసీజీ చక్కగానే కనబడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దీని ఫలితం చూడండి. 192 శాంపిళ్లను 250 అనుకుని లెక్కేస్తే నిమిషానికి 72 కొట్టుకునే గుండె 94 అవుతుంది. ఒక్కో బీటులోని పీ తరంగం, క్యూఆర్ఎస్, టీ తరంగం అన్నీ దాదాపు నాలుగో వంతు కుంచించుకుపోతాయి. మీరు 50 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీనే కోసేసేది) పెట్టి ఉంటే అది నిజంగా కోసేది 38.4 హెర్ట్జ్‌ని. అసలు కరెంటు హమ్ 65 హెర్ట్జ్ దగ్గర హాయిగా మిగిలిపోతుంది. ఇలాంటి సిగ్నల్ చూసి ఏ మోడలైనా కంగారు పడుతుంది.

రుజువు చేసుకోవడం తేలిక. బోర్డు చేతిలో ఉంటే ల్యాప్‌టాప్ గడియారంతో 60 సెకన్లు లైన్లు లెక్కపెట్టండి. 15,000 రావాలి. 11,500 దగ్గర ఆగితే ఇదే జబ్బు. పాత ఫైళ్లే ఉంటే పైథాన్ లైబ్రరీ సైపైలో వెల్చ్ ఫంక్షన్‌తో స్పెక్ట్రమ్ గీసి, నిలువు అక్షం లాగ్ స్కేల్‌లో పెట్టండి. బోర్డులోని ఫిల్టర్ హమ్‌ని తగ్గించినా సన్నటి ముల్లులా శిఖరం మిగిలి ఉంటుంది. మన గ్రిడ్‌ను 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య నడుపుతారు, కాబట్టి ఆ శిఖరం 50 దగ్గర ఉండి తీరాలి. 65 దగ్గర కనబడితే 250ని 50తో గుణించి 65తో భాగించండి, అసలు శాంప్లింగ్ వేగం 192 అని అదే చెబుతుంది. కరెంటు పోయి పీజీలో ఇన్వర్టర్ మీద తీసిన రికార్డింగులతో మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఇన్వర్టర్ ఫ్రీక్వెన్సీకి గ్రిడ్‌కున్న కచ్చితత్వం ఉండకపోవచ్చు.

సరిచేయడానికి బాడ్ 115200 చేయండి. డిలే తీసేసి, మైక్రోస్ (ఆర్డుయినో మైక్రోసెకన్ల గడియారం) విలువ చూసుకుంటూ ప్రతి 4000 మైక్రోసెకన్లకు ఒక శాంపిల్ తీసేలా రాయండి. తర్వాతి సమయాన్ని "ఇప్పటి సమయం + 4000" అని కాక "పోయిన గడువు + 4000" అని లెక్కించాలి, లేకపోతే చిన్న ఆలస్యాలన్నీ పోగవుతాయి. ప్రతి లైనులో టైమ్‌స్టాంప్ కూడా పంపండి. పది అంకెల టైమ్‌స్టాంప్, కామా, విలువ, లైను ముగింపు కలిపినా 16 అక్షరాలే. 115200 దగ్గర దానికి 1.4 మిల్లీసెకన్లు పడుతుంది, మీకున్న 4 మిల్లీసెకన్లలో సుఖంగా ఇముడుతుంది. ఎలక్ట్రోడ్ ఊడినప్పుడు స్కెచ్ పంపే ఆశ్చర్యార్థకం లైన్లను ఫైల్లోంచి ఊరికే తీసేయకండి. తీసేస్తే ఆ ఖాళీ మాయమై రెండు బీట్లు దగ్గరికి జరుగుతాయి, ముందే వచ్చిన బీటులా కనబడతాయి. అక్కడ ఖాళీ విలువ పెట్టి, ఆ ముక్క మొత్తాన్ని పక్కన పెట్టండి. పాత రికార్డింగులను బాగుచేసే శ్రమ కంటే మళ్లీ తీసుకోవడం నయం.

మళ్లీ తీసేటప్పుడు ఎలక్ట్రోడ్ల చోటు మార్చండి. ఈ బోర్డు ఎల్ఏ (ఎడమ చేయి), ఆర్ఏ (కుడి చేయి) తీగల మధ్య తేడాను కొలుస్తుంది. రెండు మణికట్లకో రెండు భుజాలకో అంటిస్తే మీకొచ్చేది లీడ్ 1 (లీడ్ అంటే గుండెను ఒక దిశ నుంచి చూసే ఈసీజీ). ఎంఐటీ-బీఐహెచ్‌లో ఎక్కువ రికార్డుల మొదటి చానెల్ ఎంఎల్2, అంటే మార్పు చేసిన లీడ్ 2. ఆర్ఏని కుడి కాలర్ ఎముక కింద, ఎల్ఏ తీగను ఎడమ పక్క పక్కటెముకల దిగువన, ఆర్ఎల్ (కుడి కాలు) తీగను కుడి పక్క దిగువన అంటిస్తే దానికి దగ్గరగా వస్తుంది. మనిషికి తీగలు తగిలించి ఉన్నంతసేపూ ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే నడవాలి, చార్జర్ పీకేయండి. ఇది హమ్ కోసం కాదు, ప్రాణం కోసం.

ఎంఐటీ-బీఐహెచ్ వైపు కూడా కొంత సర్దుబాటు ఉంది. అది 360 హెర్ట్జ్‌లో ఉంది. బోస్టన్‌లో కరెంటు 60 హెర్ట్జ్, దానికి నాచ్ ఫిల్టర్ సులువుగా కుదరాలనే ఆ వేగం ఎంచుకున్నారు. 25తో పెంచి 36తో తగ్గిస్తే కచ్చితంగా 250 వస్తుంది, రీశాంపుల్ పాలీ ఫంక్షన్‌కి ఆ రెండు అంకెలే ఇవ్వండి. వాళ్ల డేటాకి 60 దగ్గర, మీ డేటాకి 50 దగ్గర నాచ్ పెట్టండి. లేదా రెండింటినీ ఒకేలా 0.5 నుంచి 40 హెర్ట్జ్‌కి కుదించండి, మీ బోర్డు ఎలాగూ ఆ పరిధిలోనే ఇస్తుంది. బీట్లను గుర్తించడానికి ఇది చాలు. ఎస్టీ భాగం (క్యూఆర్ఎస్‌కీ టీ తరంగానికీ మధ్య గీత) ఎత్తుపల్లాల గురించి మాత్రం ఈ సిగ్నల్‌తో మాట్లాడకూడదు, 0.5 దగ్గర కోత దాన్ని వంచేస్తుంది. ఆంప్లిట్యూడ్ విషయానికొస్తే వాళ్లది మిల్లీవోల్టుకు 200 డిజిటల్ మెట్లు, ఆధారరేఖ 1024. మీ బోర్డు గెయిన్ (సిగ్నల్‌ని పెంచే రెట్లు) 1100 అయితే, ఊనో 5 వోల్టుల రిఫరెన్స్‌తో మిల్లీవోల్టుకు దాదాపు 225 మెట్లు. రెండింటినీ మిల్లీవోల్టుల్లోకి మార్చి, మీడియన్ తీసేయండి.

ఇక 99. నా దృష్టిలో ఇదే పెద్ద సమస్య, ఎందుకంటే బోర్డు ఎంత బాగున్నా ఇది థీసిస్‌లోకి ఎక్కేస్తుంది.

ఆ డేటాబేస్‌లో లక్షకు పైగా బీట్లున్నాయి, మనుషులు మాత్రం 47 మందే. ఒక్కో రికార్డు అరగంట. ఒకే మనిషి బీట్లు ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టుంటాయి. వాటిని కలిపేసి రాండమ్‌గా విడగొడితే ప్రతి మనిషీ అటు ట్రెయినింగ్‌లోనూ ఇటు టెస్టులోనూ ఉంటాడు. మోడల్ అరిథ్మియాను నేర్చుకోనక్కర్లేదు, మనిషిని గుర్తుపడితే చాలు. అనుమానమైతే అదే ఆర్కిటెక్చర్‌కి లేబుల్‌గా రికార్డు నంబర్ ఇచ్చి ట్రెయిన్ చేయండి. అదీ గొప్ప స్కోరు తెచ్చుకుంటే మీ 99% ఎక్కడిదో అర్థమవుతుంది.

విడగొట్టాల్సింది మనుషుల్ని. ఫిలిప్ డి షజాల్ బృందం 2004లో వాడిన విభజన ఈ రంగంలో వాడుక. పేస్‌మేకర్ ఉన్న 102, 104, 107, 217 తీసేసి, మిగిలిన 44 రికార్డుల్లో 22 ట్రెయినింగ్‌కి, 22 టెస్టుకి. అలా చేస్తే వాళ్లకు గుండె పై గదుల నుంచి వచ్చే ఎస్ తరగతి బీట్లలో దొరికినవి 75.9%, ఎస్ అని చెప్పినవాటిలో నిజమైనవి 38.5% మాత్రమే. కింది గదులైన జఠరికల నుంచి వచ్చే వీ తరగతిలో అవి 77.7%, 81.9%. మీ 99ని పోల్చుకోవాల్సింది ఇలాంటి అంకెలతో.

ఈ విభజనలోనూ ఒక చిక్కుంది. 201, 202 రికార్డులు ఒకే వ్యక్తివి, 201 ట్రెయినింగ్‌లో ఉంది, 202 టెస్టులో ఉంది. పాత పేపర్లతో పోల్చడానికి అలాగే ఉంచి ఒక ఫలితం ఇవ్వండి, 202 తీసేసి ఇంకొకటి ఇవ్వండి. మరొకటి: 114లో చానెళ్ల వరస తిరగబడి ఉంటుంది. మొదటి కాలమ్ తీసుకుంటే మీకొచ్చేది వీ5 (ఛాతీ మీది లీడ్). నంబర్ చూసి కాదు, హెడర్‌లోని పేరు చూసి చానెల్ తీసుకోండి.

అక్యురసీని ముందు పేజీలో పెట్టకండి. టెస్టు సగంలో దాదాపు 89% బీట్లు ఎన్ (మామూలుగా లెక్కేసే) తరగతివే. ప్రతిదాన్నీ ఎన్ అనే ఒక్క లైను కోడ్‌కి కూడా 89% వస్తుంది. తరగతివారీగా ఎన్ని పట్టుకుంది, చెప్పినవాటిలో ఎన్ని నిజం, ఈ రెండూ ఇవ్వండి. ఎస్ తరగతి దగ్గర ఇంకాస్త ఆగాలి. టెస్టులోని సుమారు 1,837 ఎస్ బీట్లలో 1,382 ఒక్క 232 రికార్డువే. ఆ ఒక్క మనిషిని మీ మోడల్ సరిగ్గా చదివితే స్కోరు ఆకాశంలో, చదవకపోతే పాతాళంలో. 232తో, 232 లేకుండా విడివిడిగా రాయండి. ఎగ్జామినర్ అడగకముందే మీరే చెప్పడం మర్యాద.

ఎస్ బీట్లు దొరకకపోవడానికి మీ ఇన్‌పుట్ కూడా కారణం. ఒక్క బీటు చుట్టూ ముక్క కోసి ఇస్తున్నారు. ఎస్ బీటు క్యూఆర్ఎస్ ఆకారం తరచూ మామూలు బీటులాగే ఉంటుంది, తేడా అంతా అది ముందే రావడంలో ఉంది. ముందు ఆర్ఆర్ వ్యవధి (పక్కపక్క బీట్ల మధ్య సమయం), తర్వాతి ఆర్ఆర్ వ్యవధి, రెండింటినీ ఆ మనిషి సగటు ఆర్ఆర్‌తో భాగించి అదనపు ఫీచర్లుగా ఇవ్వండి. నా అనుభవంలో రెండు లేయర్లు పెంచినదాని కంటే ఈ రెండు అంకెలకే ఎక్కువ ఫలం దక్కుతుంది.

సైకిట్-లెర్న్‌లో క్రాస్ వాలిడేషన్‌కి స్ట్రాటిఫైడ్‌గ్రూప్‌కెఫోల్డ్ వాడి, గ్రూప్‌గా మనిషి ఐడీ ఇవ్వండి, 201, 202లకు ఒకే ఐడీ. స్కేలింగ్, ఫీచర్ల ఎంపిక, స్మోట్ (తక్కువున్న తరగతికి కృత్రిమ నమూనాలు పుట్టించడం), అన్నీ ప్రతి ఫోల్డ్‌లో ట్రెయినింగ్ భాగం మీదే జరగాలి. విడగొట్టకముందే స్మోట్ చేస్తే టెస్టు బీట్లను కలిపి పుట్టించిన నకళ్లు ట్రెయినింగ్‌లో చేరతాయి. ఎర్లీ స్టాపింగ్‌కి (ట్రెయినింగ్ ఎప్పుడు ఆపాలో తేల్చడానికి) టెస్టు సెట్ చూడటమూ ఇదే తప్పు. దానికి ట్రెయినింగ్ మనుషుల్లోంచే నలుగురైదుగురిని వేరుగా పెట్టుకోండి.

మెకానికల్ వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ బేరింగ్ డేటాలోనూ ఇదే కథ. లోపమున్న అదే బేరింగ్‌ను 0 నుంచి 3 హార్స్‌పవర్ లోడ్ల మీద తిప్పారు. లోడ్ ప్రకారం విడగొట్టినా బేరింగ్ రెండు వైపులా ఉంటుంది. అక్కడ మనిషి స్థానంలో బేరింగ్ అనుకోండి.

గణాంకాల దగ్గర చాలామంది బీట్ల సంఖ్యను శాంపిల్ సైజుగా వేసి, ప్లస్ ఆర్ మైనస్ 0.2% అని రాసేస్తారు. ఉదాహరణకు 40 మంది, ఒక్కొక్కరి నుంచి అరగంట, 5 సెకన్ల ముక్కలు 360, మొత్తం 14,400. ఒకే మనిషి ముక్కల మధ్య పోలిక 0.3 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ 1 + 359 × 0.3, అంటే 108.7. మీ 14,400 ముక్కలు దాదాపు 132 స్వతంత్ర కొలతలతో సమానం. అందుకని బూట్‌స్ట్రాప్ చేసేటప్పుడు బీట్లను కాదు, మనుషుల్ని మళ్లీ మళ్లీ ఎంచండి. 22 మంది లోంచి 22 మందిని తిరిగి వేసుకుంటూ 2,000 సార్లు తీసి, ప్రతిసారీ స్కోరు లెక్కేసి, 2.5, 97.5 పర్సెంటైల్స్ తీసుకోండి. ఎస్ తరగతికి ఆ వ్యవధి చాలా వెడల్పుగా వస్తుంది. దాన్ని దాచకండి, 22 మందితో తెలిసేది అంతే.

చివరగా మీ 15 మంది క్లాస్‌మేట్లు. వాళ్లు ఆరోగ్యవంతులు కాబట్టి ఈ డేటాతో మోడల్ జబ్బును పట్టగలదా అన్నది తేలదు, తప్పుడు అలారాలు ఎన్నో మాత్రమే తేలుతుంది. సరిచేశాక 15 మందిలో ఒక్కరికీ తప్పుడు అలారం రాకపోయినా, 95% నమ్మకంతో మీరనగలిగేది "తప్పుడు అలారం రేటు 18% లోపు" అని మాత్రమే. యువకుల్లోనూ అప్పుడప్పుడు ముందస్తు బీటు నిజంగానే ఉంటుంది, కాబట్టి మోడల్ ఎత్తిచూపిన ప్రతి బీటునూ తప్పని కొట్టేయకుండా ముందు కార్డియాలజిస్టుకి చూపించండి. రోగుల నుంచి రికార్డింగులు కావాలంటే మీ గైడ్ ద్వారా సంస్థ ఎథిక్స్ కమిటీకి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం దరఖాస్తు పెట్టండి. అనుమతి రాకముందు తీసిన డేటాను తర్వాత వాడనివ్వరు, అందుకే ఆ కాగితం పని ఈ వారమే మొదలుపెట్టండి. స్కెచ్ మార్చి కొత్త స్పెక్ట్రమ్ గీశాక ఇక్కడ పెట్టండి, 50 దగ్గర శిఖరం ఉందో లేదో కలిసి చూద్దాం.