అమ్మను చూసుకోవడానికి ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయి మూడు వారాలైంది, కుట్లు తీశారు. ఇక 21 రోజులకోసారి 8 కీమోలు, హెర్2 పాజిటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రకం) కాబట్టి దాని మీద పనిచేసే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్లు ఏడాది పాటు అన్నారు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా జీతం చేతికి 62,000. కంపెనీ గ్రూప్ పాలసీలో అమ్మకు 5 లక్షల కవర్ ఉంది, బిల్లులో 20 శాతం మేమే పెట్టుకోవాలి. 24 గంటల నర్సుకు ఏజెన్సీ నెలకు 28,000 అడుగుతోంది. దానికంటే ఉద్యోగం మానేసి నేనే చూసుకుందామనుకుంటున్నాను. ఖమ్మంలో మిషన్ కుట్టుకునే మా పిన్ని వస్తానంటోంది గానీ, అన్ని నెలలు ఉంచుకోవాలంటే మొహమాటంగా ఉంది. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. తీసేయనా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉద్యోగం మాత్రం మానకండి. మీరు రిలీవ్ అయితే జీతంతో పాటు అమ్మ కవర్ కూడా పోతుంది. జబ్బు బయటపడ్డాక కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు వెనకాడతాయి. ఒకవేళ ఇచ్చినా ఈ జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ పెట్టొచ్చు.

ఇంకో సంగతి. మీ గ్రూప్ పాలసీ ఏ నెలలో రెన్యువల్ అవుతుందో హెచ్‌ఆర్‌ను అడగండి. ఏడాది ఇంజెక్షన్లు రెండు పాలసీ సంవత్సరాల్లో పడే అవకాశం ఎక్కువ. రెన్యువల్ అయ్యాక 5 లక్షలు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఈ చికిత్సలో అసలు బరువు ట్రాస్టుజుమాబ్‌దే, నర్సుది కాదు. కొన్ని పాలసీల్లో ఇలాంటి ఇంజెక్షన్లకు విడిగా పరిమితి ఉంటుంది, మీ పాలసీలో ఎంతో టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి మెయిల్‌లో రాయించుకోండి. మన దేశంలో తయారయ్యే బయోసిమిలర్లు, అంటే అదే మందుకు దాదాపు సమానంగా చేసినవి, విదేశీ బ్రాండ్ కన్నా బాగా తక్కువకు వస్తాయి. అవి వాడొచ్చా అని డాక్టర్‌ను అడగడంలో తప్పేం లేదు.

ఇక నర్సు సంగతి. ఆపరేషన్ గాయం మానిందంటే అమ్మకు 24 గంటల నర్సు పని లేదనే నా లెక్క. శిక్షణ ఉన్న చెయ్యి కావాల్సింది కొన్ని పూటలే. కీమో మర్నాడు తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ రాస్తే అది వేయడానికి, పోర్ట్ (మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే చిన్న పరికరం) పెట్టి ఉంటే అది మూసుకుపోకుండా ఫ్లష్ చేయడానికి. వీటికి విజిట్‌కు ఇంత అని మాట్లాడుకోండి. ఆపరేషన్ అయిన వైపు చేతికి సూది, బీపీ పట్టీ వద్దని డాక్టర్ చెప్పి ఉంటే, వచ్చిన ప్రతి నర్సుకూ ముందే చెప్పండి. మిగిలిన డబ్బులో కొంత ఫిజియోథెరపీకి పెట్టండి. భుజం బిగుసుకుపోయినా, చెయ్యి వాచినా ఆ తర్వాత ఖర్చు, బాధ రెండూ పెరుగుతాయి.

మిగతాదంతా వంట, స్నానం, వాంతులైనప్పుడు పక్కన ఉండటం, జ్వరం చూడటం. దీనికి పిన్నిని మించిన మనిషి దొరకదు. మొహమాటం పోవాలంటే ఆమెకు డబ్బివ్వండి. మిషన్ మూతపడితే ఆమెకూ నెల ఆదాయం పోతుంది కదా. అంతకు కాస్త ఎక్కువే, ఫలానా తేదీకి అని మొదటి రోజే మాట్లాడుకోండి. చీర పెట్టి పంపించడం వేరు, జీతం వేరు. కీమో అయిన మొదటి నాలుగైదు రోజులు మీరు వర్క్ ఫ్రమ్ హోమ్ అడగండి, సెలవులు ఒకేసారి వాడేయకండి.

ఎఫ్‌డీ మొత్తం కదపొద్దు. ఒక లక్ష సేవింగ్స్ ఖాతాలోకి తెచ్చి పెట్టుకోండి. కీమో తర్వాత ఒకటి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి, అప్పుడు జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేలోపు అడ్వాన్స్ కట్టమంటారు. మిగతా 3 లక్షలు మీ వాటా 20 శాతానికి, కవర్ దాటిన బిల్లులకు. అదీ చాలకపోతే పీఎఫ్ నుంచి తల్లి అనారోగ్యం కింద అడ్వాన్స్ తీసుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. బంగారం లోన్ దాని తర్వాతే.

అమ్మ పేరు ఖమ్మంలో ఏదైనా తెల్ల రేషన్ కార్డులో ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది, 2023 డిసెంబర్ నుంచి దాని పరిమితి 10 లక్షలు. కీమోలు అయ్యాక అమ్మ ఊరికి వెళ్లిపోయి ఇంజెక్షన్లకు వచ్చి వెళ్తే, ఆస్పత్రి ఇచ్చే ఫారంతో రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ ఆమెకు ఉచితం, తోడు వచ్చేవారికి 75 శాతం రాయితీ.

పాత పద్ధతిలో పన్ను కడుతుంటే, 60 దాటిన తల్లి క్యాన్సర్ చికిత్సకు మీరు పెట్టిన ఖర్చులో లక్ష వరకు మినహాయింపు ఉంది, ఇన్సూరెన్స్ ఇచ్చింది మాత్రం అందులోంచి తీసేస్తారు. దానికి ఆంకాలజిస్ట్ (క్యాన్సర్ డాక్టర్) రాసిన ప్రిస్క్రిప్షన్ కావాలి. మార్చి దాకా ఆగకుండా ఈసారి వెళ్లినప్పుడే తీసుకోండి.