ఫ్రీ అంటే నమ్మొచ్చా అక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే, నా పేరు వెయ్యకండి ప్లీజ్. బీటెక్ థర్డ్ ఇయర్, హైదరాబాద్‌లో హాస్టల్, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాలుగు బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఇంట్లో ఒకటే అని చెప్పా. నాన్న కౌలుకి చేస్తారు, ఫీజు టైమొస్తే ఆయన మొహం చూడలేకపోతున్నా. రెండు నెలల్నించి నిద్ర పట్టట్లేదు, తిండి సయించట్లేదు, పొద్దున లేవకపోతే బాగుండు అనిపిస్తోంది. డాక్టర్‌కి ఇచ్చే డబ్బుల్లేవు. ఫ్రీగా మాట్లాడే నంబరేదో ఉందని ఫ్రెండ్ చెప్పాడు కానీ మొక్కుబడిగా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తారేమో, కాలేజీకో ఇంటికో చెప్పేస్తారేమో అని భయం. రూమ్‌లో ముగ్గురం, ఎలా మాట్లాడను?

జవాబు: తమ్ముడూ, బ్యాక్‌లాగ్స్ సంగతి తర్వాత, ముందు ఆ లేవకపోతే బాగుండు అన్న మాట గురించి. ఏదైనా చేసుకుంటానేమో అని నీ మీద నీకే భయమేసిందనుకో, ఇంకేం ఆలోచించకు, పక్క బెడ్ మీదున్నవాణ్ణి లేపు, 112కి చెయ్యి, లేదా వాణ్ణి తోడు తీసుకుని దగ్గర్లో ఉన్న ఆస్పత్రి క్యాజువాలిటీకి వెళ్ళిపో. అర్ధరాత్రి లేపితే ఏమనుకుంటాడో అని మొహమాటపడకు.

మీ ఫ్రెండ్ చెప్పింది టెలి మానస్ అయ్యుంటుంది, నంబర్ 14416, అది కలవకపోతే 1800 891 4416. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, వెనకాల బెంగళూరులోని పెద్ద మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్‌హాన్స్ ఉంది, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, రూపాయి కట్టక్కర్లేదు. మొదట ట్రైనింగ్ తీసుకున్న కౌన్సెలర్ వింటారు, మందులు అవసరం అనిపిస్తే సైకియాట్రిస్ట్ లాంటి స్పెషలిస్టులకి కలుపుతారు లేదా దగ్గర్లో ఎక్కడ చూపించుకోవాలో చెప్తారు. నీకు రెండు నెలల్నించి నిద్రా తిండీ రెండూ పోయాయి కదా, కాబట్టి డాక్టర్‌కి చూపించుకోవాలా అని నువ్వే అడుగు. ఒక్కోసారి మొదట ఎత్తినవాళ్ళతో మనకి పొసగదు, ఆ ఒక్క కాల్‌తో వదిలెయ్యకుండా మర్నాడు మళ్ళీ చెయ్యి.

ఇంట్లో తెలుస్తుందన్న భయం నాకు అర్థమైంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ట్రీట్‌మెంట్ విషయాలు గోప్యంగా ఉంచడం నీ హక్కు, ప్రాణానికి ముప్పు లాంటి పరిస్థితుల్లోనే మినహాయింపు. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే ఆ మాటే ముందు చెప్పు. ఫోన్‌లో గొంతు పెగలదనుకుంటే ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) వాళ్ళ ఐకాల్ అనే కౌన్సెలింగ్ సర్వీస్ ఉంది, 2012 నుంచి నడుస్తోంది, ఈమెయిల్‌లో కూడా రాయొచ్చు, అదీ ఫ్రీనే. చాలామంది పిల్లలు రాత్రుళ్ళు ఏఐకి చెప్పుకుంటున్నారట, చెప్పుకుంటే చెప్పుకో, కానీ నీ గొంతు విని ఎంత నలిగిపోయావో పట్టుకునే మనిషి కూడా కావాలి నీకు.

ఇంకోటి, విశాఖలో నీట్‌కి చదువుతూ చనిపోయిన ఒకమ్మాయి తండ్రి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో గట్టిగా చెప్పింది, 100 మంది, అంతకన్నా ఎక్కువ స్టూడెంట్స్ ఉన్నచోట కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి, హాస్టళ్ళలో ఈ హెల్ప్‌లైన్ నంబర్లు పెద్దక్షరాలతో కనపడేలా పెట్టాలి అని. మీ హాస్టల్ గోడ మీద ఉందా? లేకపోతే అది వార్డెన్ తప్పు, నువ్వు అడిగితే తప్పేం కాదు.

మొదట ఏం మాట్లాడాలో తెలీకపోతే నాకు రాసిందే చదివెయ్యి, ముఖ్యంగా ఆ లేవకపోతే బాగుండు అన్న లైన్ దాచకు, వాళ్ళు దాన్ని బట్టే నీకేం కావాలో చూస్తారు. నాన్నకి నాలుగు సబ్జెక్టుల సంగతి ఎలా చెప్పాలో కూడా వాళ్ళతోనే మాట్లాడు, నా అనుమానం ఏంటంటే నీ నిద్రని సగం తినేస్తోంది ఆ అబద్ధమే, కానీ ఒక్కడివే కూర్చుని దాన్ని విప్పుకోవాల్సిన పన్లేదు. ఇది చదివిన రోజే చెయ్యి. రాత్రి మిగతా ఇద్దరూ మెస్‌కి వెళ్తారు కదా, ఆ టైములో రూమ్ నీదే.