గిటార్ మెడకు నూనె రాయొచ్చా?

ప్రశ్న: మా బాబు ఎలక్ట్రిక్ గిటార్ మెడ మేపుల్ చెక్కది. ఫ్రెట్ల (మెడ మీది అడ్డ లోహపు పట్టీల) పక్కన నల్లటి మురికి పేరుకుంది. కొబ్బరినూనె రాయమంటారా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వద్దమ్మా, ఏ నూనే వద్దు. గిటార్‌కని అమ్మే నూనె పూత లేని రోజ్‌వుడ్ చెక్కకైతే సరే. మేపుల్‌కు సాధారణంగా ఫ్యాక్టరీలోనే లక్కర్ (వార్నిష్ లాంటి) పూత వేస్తారు కాబట్టి నూనె ఇంకదు, పైనే నిలిచి దుమ్ము పట్టుకుంటుంది. తీగలు తీసేసి, మెత్తటి నూలుగుడ్డ తడిపి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఫ్రెట్ అంచున గట్టిపడ్డ మురికిని చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయండి. స్టీల్ ఊల్ (సన్నటి ఇనుప పీచు) మాత్రం ముట్టకండి. పూత మెరుపు పోతుంది, ఆ పీచు రజను పికప్ (తీగల కదలికను పట్టుకునే భాగం) అయస్కాంతాలకు అంటుకుంటుంది.

పూత అరిగి చెక్కే బూడిదరంగుకు తిరిగిందంటే అది తుడిస్తే పోదు. రిపేరు తెలిసినవాళ్లకు చూపించండి. మన వరంగల్ ఎండల్లో చేతుల చెమట ఎక్కువ, వాయించిన ప్రతిసారీ తీగలూ మెడా తుడవమని బాబుకు చెప్పండి.