బాబు కాగితాలు ఎవరి చేతికి ఇవ్వాలి?

ప్రశ్న: మా బాబుకు బుద్ధిమాంద్యం. సదరం (వైకల్య సర్టిఫికెట్), పింఛను కాగితాలన్నీ వాట్సాప్‌లో పంపమంటున్నాడు నెట్ షాపతను. ఊరంతా తెలుస్తుందని భయం.
– ఒక తల్లి, కావలి

జవాబు: పంపకండమ్మా. సదరం స్లాట్ మీ సచివాలయంలోనే బుక్ చేస్తారు, ఆధార్‌తో మీరే వెళ్లండి. ఫోన్‌లో ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. నెట్ షాపులో స్కాన్ తప్పకపోతే, పనవగానే డౌన్‌లోడ్స్‌లోంచీ, తర్వాత రీసైకిల్ బిన్‌లోంచీ మీ కళ్లముందే తీసేయించండి. చాలామంది మొదటిదానితో ఆగిపోతారు, ఫైలు అక్కడే ఉండిపోతుంది. జిరాక్సు మీద అడ్డంగా ‘పింఛను కోసం మాత్రమే’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి. ఆ రాత కాగితంలోని నంబరు మీద పడనీయకండి.

పింఛనుకు వైకల్యం కనీసం 40 శాతం ఉందా అన్నది సర్టిఫికెట్టే చెబుతుంది. పాత కేసు చీటీలు, ఇంటి విషయాలు సదరం శిబిరంలో డాక్టరుకు చూపితే చాలు. ఇరుగుపొరుగుకు జవాబు చెప్పాల్సిన పని మీకు లేదు.